నాయనమ్మ చేతి లెక్క

పెద్ద మనవరాలు, హైదరాబాద్ (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. నిన్నటితో నాయనమ్మ దినాలు ముగిశాయి. పోచంపల్లి నుంచి ఇంటికి వచ్చాను గానీ ఒక విషయం మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే మన ఇంటివాళ్ళ గ్రూపులో ఇక్కడ రాస్తున్నాను.

దినాలకు వేయించిన కార్డు మీరందరూ చూశారు. తాత పేరు ముందు 'చేనేత కళాకారుడు' అని ఉంది. నాయనమ్మ పేరు ముందు 'ఆయన ధర్మపత్ని' అని ఉంది. భోజనాల దగ్గర మా అమ్మాయి, తొమ్మిదేళ్ళది, "తాతమ్మ ఏం పని చేసేది?" అని అడిగింది. పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు "ఏం పని చేస్తుందమ్మా, ఇంట్లోనే ఉండేది" అన్నారు. నేను నోరు తెరిచేలోపు వడ్డించేవాళ్ళు వచ్చారు, మాట దాటిపోయింది. అక్కడే జవాబు చెప్పనందుకు నిన్నటి నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను.

నాయనమ్మ ఇంట్లోనే ఉండేది, నిజమే. మన ఇంట్లో మగ్గం లేని మూల ఏది?

మీరు ఒక్కొక్కరూ రాయండి. గొప్పగా రాయనక్కర్లేదు. మీ కళ్ళతో చూసినది రాయండి. సంవత్సరీకం నాటికి అన్నీ కలిపి పిల్లలకు చదివి వినిపించాలని నా కోరిక.

మనవడు, డల్లాస్ (ఆదివారం, రాత్రి 10:45)

అక్కా, చివరిచూపుకు కూడా రాలేకపోయాను. ఫోనులో చూశాను. అది చూసినట్టే కాదు.

పిల్లల కోసం ముందు ఆసు అంటే ఏమిటో చెబుతాను. మా అబ్బాయికి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను, వాడికి అర్థమైంది. మన చీరకు రంగు నేసిన తర్వాత అద్దరు. దారానికే ముందు రంగు పడుతుంది. ఏ బెత్తెడు దారం ఎర్రగా ఉండాలి, ఏ జానెడు తెల్లగా మిగలాలి అన్నది మగ్గం ఎక్కకముందే తేలిపోవాలి. అందుకోసం పేక దారాన్ని, అంటే చీరకు అడ్డంగా నేసే దారాన్ని, ఒక చెక్క మీద పరుస్తారు. ఒక కొసన ఒకే పుల్ల, ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా పుల్లలు. దారం ఈ కొస నుంచి ఆ పుల్లకు, మళ్ళీ వెనక్కు, మళ్ళీ ముందుకు, ప్రతి పుల్లకూ లెక్క ప్రకారం. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు ఇలా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ సుమారు మీటరు దూరం. నాలుగైదు గంటలు కూర్చుంటే ఒక చీరకు ఆసు అవుతుంది. నాయనమ్మ రోజుకు రెండు చీరలకు పోసేది.

నిన్న రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. తొమ్మిది వేల మీటర్లంటే తొమ్మిది కిలోమీటర్లు. రెండు చీరలకు పద్దెనిమిది. మన ఊరికీ హైదరాబాద్‌కూ నలభై చిల్లర కిలోమీటర్లు. మూడు రోజులు తిరిగేసరికి నాయనమ్మ చెయ్యి హైదరాబాద్ చేరేది. మనిషి మాత్రం ఆ గోడ పక్క నుంచి లేచేది కాదు.

ఒకసారి కంప్యూటర్ పనితో మణికట్టు నొప్పి పుడుతోందని నాయనమ్మకు ఫోను చేసి చెప్పుకున్నాను. "కాపడం పెట్టుకో నాయనా, రాత్రి పూట బరువులు ఎత్తకు" అని పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పింది. తన భుజం మాట ఎత్తనే లేదు.

నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉన్నది ఆ ఎడమ చెయ్యి. గాజులను మోచేతి దాకా నెట్టుకుని పోసేది.

మేనల్లుడు, భీవండి (సోమవారం, ఉదయం 6:20)

బాబూ, నువ్వు రాసినది చదివి ఆశ్చర్యపోయాను. మా మేనత్తది ఎడమచేతి వాటం కాదు. అన్నం తినే చెయ్యి, ముగ్గు వేసే చెయ్యి, మమ్మల్ని కొట్టే చెయ్యి, అన్నీ కుడే. పోచంపల్లి వదిన ఏమంటుందో చూద్దాం.

అత్త పుట్టిల్లు పుట్టపాక అని మీలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. మా ఊరు తేలియా రుమాళ్ళకు పేరు. దారాన్ని ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి పిసికితే గానీ ఆ ఎరుపు పట్టుకోదు. గుడ్డ ఎన్ని ఉతుకులు ఉతికినా నూనె వాసన పూర్తిగా పోదు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి పనేనన్న ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది. ఆ రోజు నేను ఫోను చేస్తే అత్త అన్న మాట, "ఇప్పుడు వచ్చిందా? మా అమ్మ చేతులకు ఎప్పుడో వచ్చింది."

అత్త ఏడేళ్ళ వయసులో ఆసు ముందు కూర్చున్నదని మా నాయన చెప్పేవాడు. చివరి పుల్ల అందక కింద పీట వేసేవారట. బడికి పంపలేదు. కానీ లెక్కలో అత్తను మించినవాళ్ళు మా ఇంట్లో లేరు.

పెళ్ళై వెళ్ళేటప్పుడు మా నాయన ఒక రుమాలు పెట్టాడు. అది ఏమైందో తెలుసుకోవాలని ఉంది.

నాకు పవర్లూమ్ షిఫ్టు వేళయింది. మళ్ళీ రాస్తాను.

చిన్న కూతురు, సోలాపూర్ (సోమవారం, మధ్యాహ్నం 2:30)

అమ్మ గురించి రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పొద్దున్నుంచి నాలుగుసార్లు రాసి చెరిపేశాను.

పొద్దున్నే చూరు కింద పీట వేసుకుని పాత సైకిలు ట్యూబులు ముందేసుకునేది. వాటిని కత్తెరతో సన్నటి పట్టీలుగా కోయడం పిల్లల పని. చిటికి కట్టడానికి ఆ రబ్బరు పట్టీలే కావాలి. రంగు సోకకూడని చోట దారాన్ని వాటితో బిగించి కట్టాలి. వదులైతే రంగు లోపలికి పాకుతుంది, చిలుక ముక్కు చెంపకు అంటుకుపోతుంది. అమ్మ నేను కట్టిన కట్టు మీద గోరుతో గీరి చూసేది. లోపల దారం కదిలితే మాట్లాడకుండా విప్పి నా ముందు పడేసేది. నాకు కోపం వచ్చేది. ఈ రోజు సోలాపూర్‌లో నా కోడలు కట్టిన మూట మీద నేనూ గోరుతో గీరి చూస్తాను.

ఆసు పోసేటప్పుడు అమ్మతో మాట్లాడకూడదు. లెక్క తప్పుతుంది. కానీ ఇంటికి మనుషులు వస్తూనే ఉంటారు కదా. అందుకని అమ్మ లెక్కలోనే మాట్లాడేది. "ముప్పై ఏడు, కూర్చో వదినా, ముప్పై ఎనిమిది, మంచినీళ్ళు తాగు, ముప్పై తొమ్మిది." మాకు అది వింతగా ఉండేది కాదు. తల్లులందరూ అలాగే మాట్లాడతారని అనుకునేవాళ్ళం. నాకు జ్వరం వచ్చి పక్కన పడుకుంటే నుదుటి మీద కుడి చెయ్యి వేసి, ఎడమ చేత్తో పోస్తూ, "అరవై, తగ్గుతుందిలే, అరవై ఒకటి" అన్నది. ఇప్పటికీ జ్వరం వస్తే నాకు ఆ అంకెలు వినిపిస్తాయి.

చీర మగ్గం మీద పూర్తయి బాపు దాన్ని కోసి దింపిన రోజు అమ్మ పనిలోంచి లేచి వచ్చి చూసేది. ఒక మడత విప్పి, బొమ్మ అంచులు చూసి, వెనక్కు వెళ్ళిపోయేది. బాగుంది అనో బాగా లేదు అనో అనేది కాదు. బాపు మాత్రం ఆ క్షణం అమ్మ ముఖమే చూసేవాడు. అది నేను చూశాను.

చిన్న కొడుకు, సూరత్ (సోమవారం, రాత్రి 11:50)

అక్క రాసినది చదివాక నేనూ ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

నూలు ధరలు పెరిగి, మగ్గం మీద వచ్చేది అప్పుకు వడ్డీకి కూడా చాలని రోజుల్లో నేను సూరత్ వచ్చేశానని మీకు తెలుసు. అచ్చు మిల్లులో చేరాను. కొన్నాళ్ళకు నా ముందుకు వచ్చిన గుడ్డ చూసి కాళ్ళు ఆడలేదు. మన గడులు, మన చిలుకలు, మన ఏనుగులు. గజాల లెక్కన అచ్చు పడుతున్నాయి. మా ఇంట్లో నలుగురం నెల పైచిలుకు కష్టపడితే ఏడెనిమిది చీరలకు మగ్గమెక్కించిన పడుగు దారం ఒకటి అయ్యేది. అక్కడ నా టీ చల్లారేలోపు అంత గుడ్డ పడిపోయేది. వదిలేసి వెళ్ళడానికి చేతిలో డబ్బు లేదు. చేశాను.

మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు అమ్మకు ఏదైనా తేవాలి కదా. జీతంలో కొనగలిగింది ఆ చీర ఒక్కటే. అదే తెచ్చాను. అమ్మ తీసుకుని కొంగు తిరగేసింది. మన చీరకు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, దారంలోనే రంగు కాబట్టి. అచ్చు చీర వెనుకవైపు వెలవెలబోతుంది. అమ్మ వేలితో రెండుసార్లు రుద్దింది. తర్వాత మడిచి ఒళ్ళో పెట్టుకుని "అన్నం తిన్నావా" అని అడిగింది.

ఆ చీర ఎప్పుడైనా కట్టిందో, ఎవరికైనా ఇచ్చేసిందో అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇక అడగడానికి అమ్మ లేదు.

పెద్ద కోడలు, పోచంపల్లి (మంగళవారం, మధ్యాహ్నం 3:15)

నాకు టైపు చేయడం అలవాటు లేదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

ముందు మరిదికి. అత్తమ్మ ఆ చీర ఆ ఏడు సద్దుల బతుకమ్మకు కట్టుకున్నది. పోచంపల్లిలో, అందరం నేసేవాళ్ళమే ఉన్నచోట, అచ్చు చీర కట్టుకుని బతుకమ్మ ఎత్తుకుని వెళ్ళడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకామె కొంగు పట్టుకుని "ఇదేమి చీర అక్కా" అని నవ్వింది. అత్తమ్మ "మా చిన్నవాడు తెచ్చాడు" అన్నది. ఇంకొక్క మాట మాట్లాడలేదు, ఆటలో కలిసిపోయింది. తర్వాత ఇంట్లో కట్టి కట్టి అది చినిగిపోయింది. అప్పుడు దాంతో దిండు గలీబు కుట్టించుకున్నది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కూడా ఆ దిండే తెమ్మన్నది. మీరు వచ్చి దగ్గర కూర్చున్నప్పుడు అత్తమ్మ తల కింద ఉన్నది అదే. మీరు గుర్తుపట్టలేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది, నాకు తోచలేదు.

ఇప్పుడు చెయ్యి సంగతి. పుట్టపాక అన్న చెప్పినదీ నిజమే, మా అబ్బాయి చెప్పినదీ నిజమే. అత్తమ్మది కుడిచేతి వాటమే. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ కుడి చెయ్యి భుజం పైకి లేవడం మానేసింది. జడ వేసుకోలేకపోయేది, నేనే వేసేదాన్ని. రైక తొడుక్కునేటప్పుడు పళ్ళు బిగపట్టేది. రాత్రి ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెడితే గానీ నిద్రపట్టేది కాదు. ఆ మూట కట్టిన గుడ్డే అన్న అడిగిన రుమాలు. వేడి తగిలితే నూనె వాసన వచ్చేది. "మా అమ్మ వాసన" అనేది అత్తమ్మ. మాడి మాడి నడుమ చిల్లు పడింది, అంచులు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పెట్టెలో ఉంది.

కుడి చెయ్యి పోయాక మానేస్తుందని అనుకున్నాం. ఎడమ చేత్తో నేర్చుకున్నది. నెలరోజులు పట్టింది. ఆ నెలలో తప్పుపోయిన దారమంతా మామయ్యకు తెలియకుండా రాత్రి దీపం దగ్గర విప్పి మళ్ళీ పోసేది. దీపం నేను పట్టుకున్నాను. ఆడపడుచుకు జ్వరం వచ్చింది ఆ తర్వాతి మాట. అందుకే ఎడమ చెయ్యి గుర్తుంది.

ఆసు యంత్రం మా ఇంటికి ఎలా వచ్చిందో కూడా చెబుతాను. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి పట్టుబట్టి 1999లో యంత్రం తయారు చేశారు. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు అత్తమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. మా ఇంటికి అది అప్పు చేసి తెచ్చాం. నాలుగైదు గంటల పని గంటన్నరలో తేలింది. బిగించిన రోజు అత్తమ్మ దాని ముందు కూర్చుని చీర మొత్తం పూర్తయ్యేదాకా చూసింది. చివరి చుట్టు పడ్డాక తన భుజం తానే పట్టుకుని "ఇది ముందే వచ్చి ఉంటే మా అమ్మ బతికేది" అన్నది. ముసలావిడ దేనితో పోయిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఇక చివరిది. ఇది మీ అన్నకు కూడా చెప్పలేదు.

ఆసుపత్రిలో మూడో రాత్రి అత్తమ్మకు స్పృహ సరిగా లేదు. ఎడమ చేతికి సెలైను పెట్టారు. ఆ చెయ్యి కదులుతూనే ఉంది, ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు. సూది ఊడిపోతోందని నర్సు వచ్చి చేతిని మంచం కమ్మీకి గుడ్డతో కట్టేసి వెళ్ళింది. ఆ పిల్ల తప్పు లేదు, మూర్ఛ అనుకున్నది. నేను చూస్తూ కూర్చున్నాను. కట్టిన చేతి వేళ్ళు ఇంకా ఆడుతున్నాయి. అప్పుడు అర్థమైంది. అత్తమ్మ ఆసు పోస్తోంది.

కట్టు విప్పాను. సూది ఊడకుండా మోచేయి కింద నా చెయ్యి పెట్టి, చెవి దగ్గరకు వంగి "ఒకటి, రెండు, మూడు" అని లెక్క చెప్పాను. చెయ్యి నా లెక్కకు సరిగ్గా కదిలింది. నలభై దాటాక నెమ్మదించింది. యాభై దగ్గర ఆగింది. తెల్లవార్లూ ప్రశాంతంగా నిద్రపోయింది. మరో మూడు రోజులకు వెళ్ళిపోయింది.

చిన్న కొడుకు, సూరత్ (మంగళవారం, సాయంత్రం 4:05)

వదినా, ఆ దిండు పారేయకండి. నేను వస్తాను.

పెద్ద కొడుకు, పోచంపల్లి (మంగళవారం, రాత్రి 8:40)

కార్డు వేయించింది నేను. ప్రెస్సువాడు ఏం రాయాలని అడిగితే నోటికి వచ్చినది చెప్పాను. అమ్మాయి మొదటి రోజు రాసినది చదివి రెండు రోజులుగా ఏమీ రాయలేకపోయాను.

భూదానోద్యమం మొదలైన మా ఊరి కథ అందరికీ తెలుసు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చారు, నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి, వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఆ రోజు జనంలో నిలబడ్డానని బాపు వందసార్లు చెప్పి ఉంటాడు. మేము వందసార్లు విన్నాం. అమ్మను మాత్రం ఏడేళ్ళప్పుడు పీట వేసుకుని ఆసు పోశావట కదా అని ఒక్కసారైనా అడగలేదు. ఆ సంగతి నాకు నిన్న పుట్టపాక బావ రాస్తే తెలిసింది. నా వయసు అరవై దాటింది.

చేనేత సహకార సొసైటీలో సభ్యత్వం బాపు పేరు మీద ఉండేది. కూలి బాపు పుస్తకంలో పడేది. అందులో ఆసుకు విడిగా లెక్క లేదు, చిటికికి లేదు, దారం కండెలు చుట్టినందుకు లేదు. చీర అంటే నేసినవాడిది అని రాసుకున్నాం. 2015 నుంచి ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుపుతున్నారు కదా, ఒక ఏడాది బాపును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అమ్మ వెనుక వరుసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతోనే. ఇంటికి వచ్చాక బాపు ఆ శాలువా తీసి అమ్మ కుడి భుజం మీద వేశాడు. నొప్పి ఉన్న భుజం మీద. ఏమీ అనలేదు. బాపుకు తెలుసు. నాకే తెలియలేదు.

సంవత్సరీకం కార్డు మీరందరూ చెప్పినట్టు రాయిస్తాను.

మేనల్లుడు, భీవండి (మంగళవారం, రాత్రి 10:30)

వదినా, ఆ రుమాలు చిల్లుతోనే ఉండనివ్వండి. అతుకు వేయించకండి. ఒకసారి వచ్చి చూస్తాను.

పెద్ద మనవరాలు, హైదరాబాద్ (బుధవారం, సాయంత్రం 6:00)

రాసినవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. దీపం పట్టుకున్న దగ్గర రెండుసార్లు చదివించుకుంది. దానికో ప్రశ్న ఉంది, తానే రాస్తానంటోంది.

*తాతమ్మ లెక్క తప్పితే ఎలా తెలిసేది? అప్పుడు ఏం చేసేది?*

పెద్ద కొడుకు, పోచంపల్లి (బుధవారం, రాత్రి 7:25)

తల్లీ, చేతికే తెలిసేది. దారం పుల్ల మీద కూర్చునే తీరులో తేడా ఉంటుంది. ఆగి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో చుట్లు తడిమి, ఎక్కడ తప్పిందో అక్కడిదాకా విప్పేది. ఒక్కోసారి పది చుట్లు, ఒక్కోసారి సగం చీర. విప్పకుండా వదిలేస్తే నేసేటప్పుడు బొమ్మ పక్కకు జరుగుతుంది. వెంట్రుకవాసి జరిగినా ఏనుగు తొండం ముందుకు పోయి కాళ్ళు వెనక్కు పోతాయి. తాతమ్మ పోసిన ఆసుతో నేసిన ఏనుగు చీర అమ్మమ్మ దగ్గర ఉంది. వచ్చినప్పుడు దగ్గరగా చూడు.

పెద్ద కోడలు, పోచంపల్లి (బుధవారం, రాత్రి 9:00)

ఒక సంగతి మరిచాను. యంత్రం వచ్చాక కూడా అత్తమ్మ పాత ఆసు చెక్కను పారేయనివ్వలేదు. వెనుక వరండాలో గోడకు ఆనించి ఉంచింది, అప్పుడప్పుడు చిన్నవి పోసేది. ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం మునిమనవరాలి ఓణీకి మొదలుపెట్టింది. సగం అయింది. దుమ్ము పడకుండా గుడ్డ కప్పాను. ఎక్కడ ఆపిందో నాకు తెలుసు, ఆ పుల్లకు రబ్బరు పట్టీ ముక్క ఒకటి కట్టి పెట్టింది. మిగతాది నేను పోయగలను గానీ నా చెయ్యి బిగువు వేరు, అత్తమ్మ చెయ్యి బిగువు వేరు. కలిసిన చోట తెలిసిపోతుంది.

చిన్న కూతురు, సోలాపూర్ (బుధవారం, రాత్రి 9:20)

వదినా, ముట్టుకోకు. నా చేతి బిగువు అమ్మదే, గోరుతో గీరి గీరి నేర్పించింది కదా. శుక్రవారం రాత్రి బస్సు ఎక్కుతున్నాను, శనివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను. కొత్త దారం కొనకండి, అమ్మ చుట్టి పెట్టిన కండెలు మగ్గం గూట్లో ఉంటాయి, చూసి ఉంచు. పిల్లను కూడా శనివారం తీసుకురమ్మని చెప్పు. చివరి పుల్ల దానికి అందకపోతే పీట వేద్దాం.